లింబాయత్‌లో రెండు సెన్సర్లు

ఎడమ భుజానికి పెద్ద గుండీ అంత సెన్సర్ అంటించుకుని, శుక్రవారం సాయంత్రం వరంగల్‌లో అహ్మదాబాద్ రైలు ఎక్కాను. సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బావ నర్సయ్యకు బుద్ధి చెప్పడానికి వెళ్తున్నాను. పది రోజుల కింద ఆయన భార్య, మా చెల్లె లక్ష్మి ఫోన్‌లో ఏడ్చింది. "అన్నా, మీ బావ కాలుకు దెబ్బ తాకి నెలాయె, మానుత లేదు. షుగర్ ఉన్నదో ఏందో! దవఖానకు పోదామంటే కొట్టొస్తుండు. నువ్వచ్చి జర భయపెట్టు."

భయపెట్టే అర్హత నాకుంది. నాకు పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి. ఈ సెన్సర్ ఐదు నిమిషాలకోసారి నా ఒంట్లో చక్కెర ఎంతుందో ఫోన్‌కు చెబుతుంది. నా ఫోన్‌కు మాత్రమే చెప్పి ఊరుకుంటే బాగుండేది. హన్మకొండలో ఉన్న మా ఆవిడ సరోజ ఫోన్‌కూ చెబుతుంది. ముప్పై ఏళ్ల సంసారంలో నేను దాచుకున్న నాలుగు రహస్యాల్లో మూడింటిని ఆ గుండీ మొదటి రోజే బయటపెట్టింది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి, జల్గావ్ దాటాక, సైడ్ లోయర్ బెర్తు మీద ఎడమ పక్కకు తిరిగి చిన్న కునుకు తీశాను. ఫోన్ గోల పెట్టింది. చక్కెర యాభై నాలుగుకు పడిపోయిందట! పక్క సీట్లోని గుజరాతీ పెద్దామె విషయం తెలుసుకుని డబ్బా మూత తీసింది. "ఖాయ్ లో భాయ్, ఖాయ్ లో" అంటూ నెయ్యి, బెల్లం వేసి చేసిన సుఖడీ ముక్కలు చేతిలో పెట్టింది. నాకు వణుకూ లేదు, చెమటా లేదు. కానీ అంత ఆదరంగా పెడుతుంటే వద్దనడం ఏం మర్యాద? నాలుగు తిన్నాను. అర గంటకు అంకె రెండు వందల ముప్పై అయింది, సరోజ ఫోన్ వచ్చింది.

"సెన్సర్ మీద ఒరిగి పండుకుంటే గట్ల తక్కువ చూపిస్తదని డాక్టర్ చెప్పలేదా? ముందుగాల ఏలు పొడిచి చూసుకోమనలేదా? ఏం దిన్నవ్?"

"మందులాగే తిన్న."

"మందు నాలుగు ముక్కలుంటదా?"

నాలుగని ఆమెకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ దారిన వెళ్లేవారు సెన్సర్ లేని పక్కకు తిరిగి పడుకోవాలని మనవి.

మధ్యాహ్నం రెండింటికి సూరత్‌లో దిగి, షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు లింబాయత్ చేరాను. చెల్లె ఉండేది మేడ మీద ఒక్క గది. కింద కార్ఖానాలో సాంచెలు ఆడుతుంటే పైన పళ్లెంలో చెంచా కదులుతుంది. చేతులు కడుక్కుని కూర్చోగానే ఉపన్యాసం మొదలుపెట్టాను. బావ సగంలోనే ఆపాడు.

"షుగరంటే కుర్సీల గూసునెటోళ్ల రోగం బావా. నేను రోజుకు పన్నెండు గంటలు సాంచెల నడుమ నడుస్త. నాకెక్కడి షుగర్?"

బడి గుమాస్తాగా ముప్పై ఏళ్లు కుర్చీలోనే కూర్చున్నవాణ్ని నేను. గుడ్డ చుట్టిన కాలును మాత్రం ఆయన లుంగీ కిందికి లాక్కున్నాడు.

ఆదివారం కార్ఖానాకు సెలవు. పొద్దున శనగపిండితో ఆవిరి మీద వండిన వేడి వేడి లోచో, తీపి చాయ్ కడుపులో పడ్డాక బావ నా భుజం చూసి నవ్వాడు. "రెండోది ఉన్నదా? నాకూ పెట్టు. ఎవలది మంచిగుందో గల్లీ అంత చూస్తది." వచ్చే పక్షానికని డాక్టర్ ఇచ్చిన కొత్త సెన్సర్ నా సంచిలో ఉంది. తియ్యగానే బావ భుజానికి అంటించాను. అంకెలు చెల్లె ఫోన్‌కు వచ్చేలా పెట్టాం. అది పని మొదలుపెట్టడానికి గంట పట్టింది. ఈలోగా మెట్ల మీద, గడపలో మా కరీంనగర్ వైపు మనుషులు పదిమంది చేరారు. అందరూ సాంచెల మీద పనిచేసేవాళ్లే.

నాది చూశాం. రెండు వందల నాలుగు. బావది మూడు వందల ఎనభై ఆరు.

"నర్సన్న గెల్చిండు!" అని ఒకాయన కేక వేశాడు. చప్పట్లు కొట్టారు. బావ కూడా చెయ్యి పైకెత్తాడు. వాళ్ల తప్పేం లేదు. నేసిన మీటర్లను బట్టి పగారు అందుకునే మనుషులు, పెద్ద అంకె కనబడితే సంబరపడటమే వాళ్లకు తెలుసు. చెల్లె ఒక్కతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గెలుపు కాదు. తిన్నాక గూడ నూట ఎనభై దాటొద్దంటరు" అన్నాను. చప్పట్లు ఆగిపోయాయి.

బావ చెల్లె చేతిలోని ఫోన్ అందుకున్నాడు. "పోగు తెగితే సాంచె ఆగుతది, పోయి ముడేస్త. నాకు తెగి నెలాయె గావచ్చు. నేను ఆగకనే పోతి" అన్నాడు. తర్వాత లుంగీ పైకి తీసి కాలు చూపించాడు. బొటనవేలు నల్లబడి ఉంది. భయమేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదికి దవాఖానలో ఉన్నాం. రక్తం తీశారు, పుండు కడిగి కట్టు కట్టారు, మాత్రలతో పాటు కొన్నాళ్లు ఇంజెక్షన్ కూడా తీసుకోవాలన్నారు. "ఇంకా ఆలస్యం చేస్తే వేలు తీసెయ్యాల్సి వచ్చేది" అన్నాడు డాక్టర్. ఎప్పుడూ ఒక మాటకు రెండు మాటలనే బావ, ఏం తినాలో ఏం తినకూడదో అడిగి రాయించుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఐదింటికి తిరుగు రైలు ఎక్కాను. నేరుగా వచ్చే బండిలో బెర్తు దొరకలేదు, భుసావల్‌లో మారాలి. సూరత్‌లో చూడాల్సినవేవీ చూడలేదు. తినాల్సినవి మాత్రం తిన్నాను, ఆ సాక్ష్యం సరోజ దగ్గర ఉంది. వ్యారా స్టేషన్ దాటుతుండగా చెల్లె ఫోన్ చేసింది.

"ఏందన్నా గిట్ల జేసిపోయినవ్? అంకె ఎక్కినదీ దిగినదీ రాసిపెట్టుమని మీ బావ పానం తీస్తుండు. అన్నం నేను పెడితె ఎక్కువ పెట్టినవంటడు. ఇంటికొచ్చినోళ్లకు గూడ చక్కెర లేని చాయే పొయ్యమంటుండు. గల్లీల ఒక్కలు గడప తొక్కుత లేరు. మల్ల గిట్లాంటియి పట్టుకుని మా ఇంటికి రాకు!"

ఆగకుండా తిడుతూనే ఉంది. నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుని విన్నాను. పదిహేను రోజుల్లో మా చెల్లె ఏడవకుండా మాట్లాడటం అదే మొదటిసారి.