పచ్చసొన పడని మామ

ఇందుమూలముగా యావన్మంది బంధువులకు తెలియజేయడమేమనగా, పోయిన నెల నుంచి మా వీధి కుక్కకు పచ్చసొన సరఫరా నిలిచిపోయింది. సరఫరాదారు మా మామ, అమ్మకు తమ్ముడు, గుండె ఆగి పోయాడు.

ఒట్టన్‌చత్రం సంతలో టమాటాల వ్యాపారం, కోయంబత్తూరులో మా పక్కిల్లు. నడివయసులో టైఫాయిడ్ వచ్చి లేచాక పచ్చసొన, మా ఇళ్ళల్లో మంజక్కరువు అంటాం, తింటే ఒళ్ళంతా దద్దుర్లే. ఉడికిన గుడ్డును దారంతో కోసి, సొన కుక్కకు వేసి, తెల్లది ఉప్పులో అద్దుకునేవాడు. డాక్టరు అనుమానంగా చెప్పిన ముక్కను మామ పెళ్ళిపంక్తిలో పక్కన కూర్చున్న ప్రతివాడికీ వేదంలా వినిపించేవాడు.

“జొరం కిరుమిని పట్టను నా ఒంట్లో కావలికాడు పుట్టినాడురా. వాడికి కండ్లు సరిగా తెలీవు. మంజక్కరువులో ఏదో ఆ కిరుమి మొగం మాదిరే ఉండాదంట. దాన్నీ దొంగనుకోని ఉతుకుతాడు!”

“వాడికి పోలీసు ఉద్యోగం ఇప్పించు మామా.”

“పోరా, ఎనిమిదో కెలాసు తప్పినోడా!”

నా కోతలకు తిట్టకుండా నవ్విన పెద్దమనిషి ఆయనొక్కడే.

మా వాళ్ళకో దిక్కుమాలిన ఆచారం ఉంది. పరామర్శకు వచ్చి, కడపటి ముద్ద ఎవరు వండారని ఆరా తీస్తారు. ముందురోజు అత్త గుడ్ల పులుసు, మా మాటలో కొళంబు, చేసింది. మామ ఎప్పటిలాగే తెల్లదే తిన్నాడు. డాక్టరు గుండె అన్నాడు. మా పెద్దమ్మ మొగుడి ఫోనుకొచ్చిన వాట్సాప్ మాత్రం గుడ్డు అంది. ఆయనకు నూలు మిల్లుంది. మిల్లులో కంటే తలలోనే దూది ఎక్కువ.

“మంజక్కరువు కొళంబులో కరిగింటుంది. కిరుమి అనుకోని ఒళ్ళు తిరగబడింది. వండింది ఎవురు?” అన్నాడు, అందరూ వినేలా.

చుట్టాలంతా అత్త వైపు తిరిగారు. అత్త పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కాస్త జరిగారు కూడా. ఆమె తన చేతులకేసి చూసుకుంటోంది.

“పెదనాయనా, మొన్న ఆదివారం మామ నాతో బస్టాండు టిఫిను కడలో రెండు ఆమ్లెట్లు తిన్నాడు,” అన్నాను. “మంజక్కరువుతోనే. తుమ్ము గూడా రాలేదు. ఆ కావలికాడు ఎప్పుడో రిటైరు అయిపాయ.”

పెదనాన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. జరిగిన ఆడవాళ్ళు సిగ్గులేకుండా మళ్ళీ దగ్గరికి జరిగారు.

అందరూ వెళ్ళాక అత్త నన్ను పిలిచింది. “ఏ కడరా? ఇష్టంగా తినెనా?”

“వేలు నాక్కున్నాడత్తా.”

కర్మ అయిన మర్నాడు ఆమెను బస్టాండు దగ్గర చూశాను. ఆ కడ ముందు నిలబడి, పెనం మీద పగిలిన సొన పరుచుకోవడం కన్నార్పకుండా చూస్తోంది. మొగుడు గుడ్డును పూర్తిగా తిన్న చోటది, ఆమె లెక్కన.

మామ ఆ కడ గడప ఎన్నడూ తొక్కలేదు. ఆ ఆమ్లెట్లు నేను పుట్టించినవే.