సౌండ్ కార్డు నా చేతిలో ఉండగా

దయ్యాలను నేను నమ్మను. దొరలుగా మా తాతలు కట్టుకున్న కోటలాంటి ఇల్లు, మా గడీలో దయ్యాలున్నాయని నా చిన్నప్పటి నుంచీ ఊళ్లో చెప్పుకునేవారు. భూములు పోయి, ముందరి దర్వాజా కూలిపోయి, వెనక రెండు గదుల్లో మేము కాలం గడిపిన రోజుల్లో కూడా ఆ మాట ఆగలేదు. నేను ఆ గదుల్లోనే పుట్టి పెరిగాను. నాకు కనబడినవి గబ్బిలాలు మాత్రమే. పడిపోయిన ఇంటి గురించి ఊరు ఏదో ఒకటి చెప్పుకుంటుందిలే అని మా బాపు అనేవాడు. నేనూ అదే అంటాను.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మిగతాది చదివేవాళ్ల ఇష్టం.

కల్వకుర్తిలో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని కంప్యూటర్లు బాగుచేస్తాను. మా వంశంలో ఒకరి వస్తువు బాగుచేసి బతుకుతున్న మొదటివాణ్ని నేనే. అందులో నాకు నామోషీ లేదు. చదువుకునే రోజుల్లో సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు, దొంగ కాపీ ఎక్కించుకోవడానికి మనసొప్పలేదు. అందుకని లినక్స్ నేర్చుకున్నాను. కంప్యూటర్‌ను నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏం రాసి ఉందో విప్పి చూసుకోవచ్చు. అయితే తొలి రోజుల్లో దాన్ని ఎక్కించడం అంత సులువు కాదు. తెర వస్తే మౌస్ కదలదు, మౌస్ కదిలితే శబ్దం రాదు. లోపలి ఒక్కో ముక్క ఏదో, ఎక్కడుందో మనమే దానికి చెప్పుకోవాలి. ఆ ఓపిక నాకు అబ్బింది. చుట్టుపక్కల అలాంటి పాత మిషన్ మొరాయిస్తే నా దగ్గరికి పంపేవారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, పద్మ అనే ఆమె షాపుకు వచ్చింది. జంగయ్య సారు బిడ్డ. సారు మా పక్క ఊరి బడిలో తెలుగు చెప్పేవారు. నేను ఆ బడిలో చదవలేదు గానీ ఆయన పేరు ఆ వైపు తెలియనివాళ్లు లేరు. నీటికాసుల జబ్బుతో, నౌకరీలో ఉండగానే ఆయనకు చూపు పూర్తిగా పోయింది.

“అన్నా, మా బాపు కంప్యూటర్ బందైంది. కొత్తది కొనిస్తనంటే వద్దంటుండు. ఫోన్ల తెలుగు సదివేది వెట్టిస్తనంటే అది గుడ వద్దంటుండు. తిండి సుత సరిగ్గ తింటలేడు. నువ్వొక్కపారి వచ్చి చూడాలె.”

ఎందుకు వద్దంటున్నారని అడిగాను.

“అండ్ల మా అమ్మ గొంతున్నది” అన్నది.

ఆమె చెప్పింది ఇది. సారుకు చూపు పోయిన కొత్తలో, ఆయన దగ్గర చదువుకున్న ఒకతను హైదరాబాదు నుంచి వచ్చి, ఆ మిషన్‌లో లినక్స్ ఎక్కించి, తెలుగు పైకి చదివే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసిచ్చాడు. అప్పట్లో తెలుగు పలికే కంప్యూటర్ గొంతు వాళ్లకు ఎక్కడా దొరకలేదు. అందుకని సారు భార్య ఈశ్వరమ్మ గారిని మైకు ముందు కూర్చోబెట్టి, గుణింతాలు, ఒత్తులు, సున్నాలు అన్నీ పలికించి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో ఫైలుగా దాచాడు. ఏదైనా చదవాలంటే మిషన్ ఆ అక్షరాలను ఏరి పక్కపక్కన పెడుతుంది. గొంతు ఆమెదే. కానీ బియ్యంలో రాళ్లు ఏరి వేసినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా పడుతుంది. మాట్లాడినట్టు ఉండదు.

ఈశ్వరమ్మ గారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ గొంతుకు మరో కాపీ ఎక్కడా లేదు. ప్రోగ్రామ్ రాసిచ్చినతని జాడ కూడా వాళ్లకు తెలియదు. డిస్కు పోతే అంతా పోయినట్టే.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. సారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. మిషన్‌ను బల్ల మీద నుంచి దింపి, విప్పడానికి వీలుగా నేనూ నేల మీద కూర్చున్నాను. నేను ఎవరి మనవణ్నో పద్మ చెప్పింది. సారు నవ్వారు.

“మీ తాత ముందట మా నాయిన చెప్పులు చేతవట్టుకొని నడిచేటోడు. ఇయ్యాల మీ తాత మనుమడు నా ఇంట్ల కింద కూసొని డబ్బ ఇప్పుతుండు. సూద్దామంటే నాకు కండ్లు లేకపాయె, దొరా.”

“నేను కుర్చీలోనే కూర్చున్నాను సార్” అన్నాను.

“అబద్ధం. నీ గొంతు కిందికెల్లి వస్తాంది.”

నాకూ నవ్వొచ్చింది. తర్వాత మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు.

మిషన్ ఆన్ చేస్తే తెర మీద ఎల్, ఐ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు వచ్చి ఆగిపోయింది. పాత లినక్స్‌తో కుస్తీ పట్టినవాళ్లకు ఇది తెలుసు. మిషన్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్ తన పేరును ఒక్కో అక్షరంగా రాసుకుంటూ లేస్తుంది. ఏ అక్షరం దగ్గర ఆగిందో చూసి జబ్బు ఎక్కడుందో ఊహించవచ్చు. రెండో అక్షరం దగ్గర ఆగిందంటే చాలాసార్లు డిస్కు కొలతలు తప్పుగా తీసుకుంటోందన్న మాట. సెట్టింగులు తెరిస్తే తారీఖు ఏనాటికో వెనక్కి పోయి ఉంది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి, మిషన్ తన అమరికలన్నీ మరిచిపోయింది. డిస్కు అమరిక సరిచేయగానే లినక్స్ లేచింది. ఫైళ్లు ఉన్నాయి. ఆ మాట చెబితే సారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కానీ శబ్దం రాలేదు. ఆ అమరికలు పోవడంతో, స్పీకర్లకు శబ్దం పంపే సౌండ్ కార్డుకు కేటాయించిన నంబరును మరో కార్డు పట్టుకుని ఉంది. పాత కార్డుల్లో ఇది మామూలు తగాదా. ఒకే నంబరు ఇద్దరికి చెల్లదు. సౌండ్ కార్డు మీద ఏ నంబరు పెట్టి ఉందో దాని పిన్నులు చూస్తే తెలుస్తుంది. మిషన్ ఆపి, స్క్రూ తీసి, కార్డు బయటికి లాగాను. కార్డు లేనప్పుడు ఏ నంబరు ఎవరి దగ్గరుందో చూద్దామని మిషన్ మళ్లీ ఆన్ చేశాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా రాస్తాను.

సౌండ్ కార్డు నా ఎడమ చేతిలో ఉంది. స్పీకర్ల తీగ కార్డు నుంచి ఊడదీసి నేల మీద వేశాను. స్పీకర్ల ప్లగ్గు గోడ మీది స్విచ్ బోర్డులో లేదు. దాన్ని తీసేసి ఆ జాగాలోనే మానిటర్ ప్లగ్గు పెట్టాను. కూలర్ శబ్దానికి చిరాకేసి అంతకు ముందే ఆపేశాను. మట్టమధ్యాహ్నం. తెర మీద వరసలు పైకి పోతున్నాయి.

“జంగయ్యా” అని వినబడింది.

ఆడమనిషి గొంతు. లోపలి గదిలో ఉన్న మనిషి బయట ఉన్నవాళ్లను పిలిచినట్టు, చివర కొంచెం సాగదీసి. ఒక్కసారే. ఎక్కడి నుంచి అంటే స్పీకర్లు ఉన్న వైపు నుంచి అనిపించింది. గట్టిగా చెప్పలేను.

సారు మొహం అటే తిరిగి ఉంది.

“బాగైందా?” అని అడిగారు.

“లేదు సార్. కార్డు నా చేతిలోనే ఉంది.”

ఆయన చెయ్యి చాపారు. నేను కార్డు అందించాను. అంచుల వెంట, పిన్నుల మీద వేళ్లతో తడిమి చూసి వెనక్కి ఇచ్చారు.

అప్పుడే వంటింట్లో నుంచి పద్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

“అన్నా, దొరలైతే మీ ఊళ్లె. మా బాపును పేరు వెట్టి పిలుస్తవా నువ్వు?”

మా ఇంట్లో అందరినీ పేరు పెట్టి పిలిచినవాళ్లు ఉన్నారు. నేను ఏనాడూ ఒక పెద్దమనిషిని అలా పిలవలేదు. చెవులు వేడెక్కాయి. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపే సారు అన్నారు.

“ఆయన గాదు బిడ్డా.”

“మరెవలు? నాకు సాఫ్ ఇనొచ్చింది.” ఆగి, తనే మళ్లీ అన్నది. “ఆడమనిషి లెక్క.”

ఆ పూట నేను చూడగలిగినవన్నీ చూశాను. ఒక పక్క ఇంటివాళ్లు పెళ్లికి పోయి తాళం వేసి ఉంది. రెండో పక్క ఖాళీ జాగా. వీధిలోకి వెళ్లి చూస్తే ఎండ తప్ప మనిషి లేడు. ఇంట్లో టీవీ ఆపి ఉంది. నా ఫోను, పద్మ ఫోను రెండూ చూశాను. మిషన్ లోపల ఒక చిన్న బిళ్ల స్పీకర్ ఉంటుంది, కానీ అది కీచుమనగలదే గానీ మనిషిలా పలకలేదు. పైగా దాని తీగ ఎప్పుడో తెగిపోయి ఉంది.

బ్యాటరీ మార్చాను. నంబర్ల తగాదా తీర్చి, కార్డు తిరిగి బిగించాను. సారు రాసుకున్న ఒక పాత పేజీ తెరిచి చదివించాను. ఈశ్వరమ్మ గారి గొంతు ఒక్కో అక్షరంగా పలకడం మొదలుపెట్టింది. పద్మ గోడకు ఒరిగి నిలబడి విన్నది. సారు చాలాసేపు ఆపనివ్వలేదు.

తర్వాత ఆయన కీబోర్డు దగ్గరికి జరిగి, తన పేరు టైపు చేశారు. “చదివించు” అన్నారు.

మిషన్ ఒక్క క్షణం ఆగి, “గ, య్య” అన్నది.

మళ్లీ చదివించాను. మొదట ఒక ఖాళీ, ఆ తర్వాత “గ, య్య”. మొదటి అక్షరం ఫైలు పాడైందేమో అనుకున్నాను.

“పాడు గాలేదు” అన్నారు సారు. “పెనిమిటి పేరు తియ్యొద్దని ఆమె పట్టు. ఆమెకు నేను పద్మోళ్ల బాపునే. నా పేరు కావాల్నంటే పక్కింటోళ్లతోని పిలిపిచ్చేది. అక్షరాలన్నీ చెప్పింది గని జం మాత్రం చెప్పలే. అది చెప్తే డబ్బ నా పేరు కూడవెట్టుకుంటదని. ఎంత బతిమాలినా ఇనలే. నేను తెలుగు సారును, నా ఇంట్ల అక్షరం తక్కువేందని లొల్లి గుడ వెట్టిన. నవ్వి లేసిపోయింది.”

నేను ఫైళ్లన్నీ వరసగా చూశాను. జ ఉంది, జా ఉంది, జి ఉంది. జం లేదు. డిస్కంతా వెతికాను. చెరిపేసిన ఫైళ్ల జాడలు కూడా చూశాను. ఎక్కడా లేదు. ఒకవేళ ఉన్నా, కార్డు లేకుండా పలకడానికి దారి లేదు. పలికినా అక్షరాలు విడివిడిగా పడాలి. నేను విన్నది ఒక్క పిలుపు, ఎక్కడా తెగలేదు.

వారం తిరిగేలోపు ఆ గొంతంతా కొత్త మిషన్‌లోకి ఎక్కించి తీసుకెళ్లాను. జ శబ్దానికి సున్నా శబ్దం అతికించి, ఆ లేని అక్షరం తయారుచేసి పెడతానని సారుతో అన్నాను. పెద్ద పని కాదు.

“వద్దు” అన్నారు. “ఆమె అననన్నది. నువ్వు జబర్దస్తీగ అనిపిస్తవా?”

ఆ జాగా ఖాళీగానే వదిలేశాను. పద్మ చాయ్ ఇస్తే తాగాను. బయలుదేరుతుంటే సారు నా భుజం పట్టుకుని దర్వాజా దాకా వచ్చారు. బిడ్డ లోపలికి పోయిందా అని అడిగారు. పోయిందన్నాను.

“నలభై ఏండ్ల కాపురంల ఒక్కపారి పిలిచింది, దొరా. నేను పలకలే. నువ్వు ఎదురుంగ ఉంటివి. సిగ్గయింది.”

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇప్పటికీ దయ్యాలను నేను నమ్మను. ఆ మధ్యాహ్నం ఎవరు పిలిచారో నాకు తెలియదు. ఆయన పలికి ఉంటే ఏం జరిగేదో కూడా తెలియదు. నేను ఆ గదిలో లేకపోయి ఉంటే బాగుండేదని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.