శోభనక్క జరిపిన కొండ

మా శోభనక్క తిరుత్తణి కొండను పెకలించుకొచ్చి, కనకమ్మ సత్రం అనే ఊరు దాటగానే రోడ్డు పక్కన నిలబెట్టింది. ఒక్క చేత్తో. రెండో చేతిలో గొడుగు ఉండె. కొండ మీదుండే స్వామికి కూడా చెప్పకుండా చేసింది ఆ పని. ఆయన పొద్దున్నే నిద్ర లేచి, "ఇదేంది, నేను యాడున్నా?" అని వల్లీదేవిని అడిగినాడంట.

నేను తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి షేర్ ఆటో తోలుతా. తొమ్మిదో క్లాసు నడిమధ్యలో బడిని వదిలేసినా. నేను పోయినాక ఆ బడి ఇంతవరకూ కోలుకోలేదు. ఈ రోడ్డు మీద నాకు తెలియకుండా కుక్క కూడా అటునుంచి ఇటు దాటదు. కాబట్టి నమ్మండి.

శోభనక్కకు కనకమ్మ సత్రం కూడలిలో ఫోటో స్టూడియో ఉండాది. వాళ్ళ నాయన పెట్టింది. ఆయన పోయినాక ఈమె పట్టుకునింది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్ళిళ్ళు, చెవులు కుట్టించేది, సీమంతాలు. ఇన్నేళ్ళుగా మొహాలే మొహాలు. ఎవరినీ నవ్వమని అడగదు. "ఊరికే ఊపిరి వదులు" అంటుంది, వదిలే లోపల క్లిక్ మనిపిస్తుంది. నా లైసెన్సు ఫోటో చూసి ఇది నేను కాదని గోల చేస్తే, "రేయ్, ఇది నీ మొహమే. నా తప్పేం లేదు" అనింది. అంత కఠినమైన మనిషి.

అట్లాంటి మనిషి దగ్గరికి నటరాజ్ సార్ వచ్చినాడు. ఆయన పొలాలు కొని, రాళ్ళు నాటి, ప్లాట్లు చేసి అమ్ముతాడు. సత్రం దాటినాక ఒక వేరుశనగ చేను కొని, రంగుల ఆర్చి కట్టి, 'మలై వ్యూ నగర్' అని, అంటే కొండ అగుపించే నగరని, పేరు పెట్టినాడు. రోడ్డు మీద పెద్ద బోర్డుకు ఫోటో కావాలన్నాడు. భూమిని ఫోటో తీయమని ఎవరైనా శోభనక్కను అడిగింది అదే మొదటిసారి. ఆ పొద్దు ఆటోలో కూర్చుని దారి పొడుగునా చేలనే చూస్తా పోయింది.

పెళ్ళి మండపాల్లో జనమంతా పట్టేదానికి వాడే వైడ్ లెన్సుతో తీసింది. ఆర్చి బ్రహ్మాండంగా వచ్చింది, నేల సముద్రమంత వచ్చింది. నటరాజ్ సార్ ఫోటోను దూరంగా పెట్టి చూసినాడు, దగ్గరగా పెట్టి చూసినాడు.

"ఎన్నమ్మా ఇదు? పేరే మలై వ్యూ. కొండ యాడమ్మా?"

"ఉండాది సార్, ఇదో" అని అక్క వేలు పెట్టి చూపించింది. కొండ ఆమె గోరు కింద దాక్కునింది.

నేనూ అక్కా తిరువళ్ళూరుకు పోయినాం. స్టేషన్ దగ్గర ఆదిమూలం అన్న కెమెరాలూ లెన్సులూ బాడుగకిస్తాడు. "కొండలూ పొలాలూ తీయాలంటే వైడేనమ్మా, అందరూ అదే తీసుకొని పోతారు" అన్నాడాయన. అద్దాల బీరువాలో చేటంత మూతి ఉండే పొడుగు లెన్సు ఒకటి ఉంటే, అక్క అది తీసి తగిలించి, గడప మీద నిలబడి వీధి చూసింది.

"రేయ్, ఇట్లా రా."

కన్ను పెట్టినా. ఎదురుగా కొబ్బరిబోండాల బండి. వీధి చివర, నడిచిపోతే చెమటలు పట్టేంత దూరంలో ఉండే సెల్‌ఫోన్ టవరు, ఆ బండి నెత్తిన కూర్చోనుండాది. కన్ను తీస్తే టవరు వెనక్కి పోయింది. పెడితే వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేసినా. అక్క మాత్రం మిఠాయి కొట్టు ముందర నిలబడినట్టు నిలబడింది.

మరుసటి రోజు తెల్లవారుతుండగానే పోయినాం. ఎండెక్కితే నేల మీద ఆవిరి లేచి, ఆ లెన్సులో కొండ వణుకుతుందంట. అక్క ఆర్చికి మొహం పెట్టి గట్లెంబడి వెనక్కి, వెనక్కి పోతానే ఉంది. స్టాండు మోసింది నేనే, నేను లేకపోతే ఈ ఫోటో లేదు. చెరుకు తోట గట్టు మీద నిలబడి తీసింది. అందులో ఆర్చి, దాని వెనకాలే ఆర్చికి సమానంగా కొండ! ప్లాటు గోడకు ఆనుకొని గుడి మెట్లు మొదలవుతాయేమో అన్నట్టుండాది.

నటరాజ్ సార్ గంతులేసినాడు. ఇకమీదట తన ప్లాట్లన్నిటికీ ఫోటోలు నువ్వే తీయాలన్నాడు. అక్క ఆ రోజు నాకు టీ ఇప్పించింది, అట్లాంటివి ఎప్పుడో గానీ జరగవు. "మనుషులు రెప్ప వేస్తారురా. నేల వేయదు. ఎంతసేపైనా నిలబడుతుంది" అనింది. ఇంక మొహాలు తీసే పని తగ్గిపోతుందని ఆమె ఆశ.

బోర్డు లేచింది. దాన్ని చూసి పడిపోయినోడు ఎవరు? శోభనక్క సొంత మేనమామ, వాసుదేవ మామ. పుట్టినప్పటినుంచీ ఆ కొండను చూస్తా పెరిగిన మనిషి! ఒక రోజు నా ఆటోలోనే అక్క పక్కన కూర్చుని సంతోషంగా చెప్పినాడు. "బోరు పొలం అమ్మేస్తాండా. మలై వ్యూలో ప్లాటు తీసుకొని ఇల్లు కడతా. మీ అత్త మునెమ్మకు మోకాళ్ళ నొప్పి గదా, నెలనెలా కృత్తిక నాడు స్వామిని చూసేదానికి బస్సు ఎక్కలేక ఏడుస్తాంది. ఆడనుంచయితే నిదానంగా నడిచి కొండకాడికి పోతుంది. ఆదివారం పొలానికి అడ్వాన్సు తీసుకుంటాండా."

"మామా, పోయి చూసినావా?"

"చూసినా. మంచు ఉండె, దానికే కొండ దూరంగా అగుపించింది. ఇంకోసారి మధ్యాన్నం పోయినా. ఎండకు కండ్లు ఆనలేదు. అయినా తీసింది నువ్వు గదా. నువ్వు అబద్ధం తీస్తావా?"

అక్క మొహం చూడాలి అప్పుడు. ఆ ఇంటికి కూడు పెట్టేది ఆ బోరు పొలం ఒక్కటే. నిజం చెబితే నటరాజ్ సార్ ఇచ్చే పని పోతుంది, చెప్పకపోతే పొలం పోతుంది. "ఆటో తిప్పురా" అనింది.

మామను చెరుకు గట్టు మీదికి తీసుకుపోయి, పొడుగు లెన్సుకు కన్ను పెట్టించింది.

"ఇదో, దగ్గరే ఉండాది గదా!"

"కన్ను తీసి చూడు మామా."

తీసినాడు. మళ్ళీ పెట్టినాడు. మళ్ళీ తీసినాడు. "నీ కెమెరాకు పడుచు కండ్లమ్మా, నావి ముసలివి. అంతే తేడా" అన్నాడు.

నేను నవ్వాపుకోలేక ఆటో వెనక్కి పోయినా. అక్క మాత్రం కెమెరా సంచీలో పెట్టేసి, "సరే, నడుద్దాం పద. ఆర్చి కాడనుంచి కొండకు" అనింది.

నడిచినారు. వెనకాల నేను ఆటోను పెండ్లికొడుకు గుర్రంలాగా తోలుకుంటా పోయినా. మామ మొదట కబుర్లు చెప్పినాడు, తర్వాత పాట పాడినాడు, తర్వాత ఏమీ లేదు. ఒక మజ్జిగ బండి కాడ కూలబడినాడు. కొండ ఇంకా అట్లనే, ఆకాశం అంచున బెల్లం ముక్కంత ఉండాది.

"అత్త మోకాళ్ళతో ఈడిదాకా వస్తుందా మామా?"

మామ మజ్జిగ తాగినాడు. ఇంకొకటి తాగినాడు. లేచి వచ్చి ఆటోలో కూర్చున్నాడు. ఆదివారం పొలానికి అడ్వాన్సు ఇచ్చేదానికి వచ్చినోళ్ళను వెనక్కి పంపించేసినాడు.

అక్క ఆడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. తన మామూలు ఫిఫ్టీ లెన్సు తగిలించి, ఆర్చి కాడ నిలబడి ఇంకో ఫోటో తీసి నటరాజ్ సార్‌కు ఇచ్చింది. "ఆడ నిలబడితే కంటికి ఎట్లా అగుపిస్తుందో అట్లా ఉంది సార్. పాతది తీసేసి ఇది పెట్టండి."

"ఇది చూసి ఎవరమ్మా కొంటారు?"

"కావాల్సినోళ్ళు కొంటారు సార్. నేను తీసింది మాత్రం ఆడ వద్దు."

ఆయన పాత బోర్డు దించినాడు, అది ఒప్పుకోవాలి. దాని బదులు కంప్యూటర్‌లో గీయించిన బోర్డు ఎక్కించినాడు. అందులో కొండ ఇంకా దగ్గరికి వచ్చింది, పక్కన జలపాతం కూడా ఉంది. మిగతా ప్లాట్ల పని కూడా ఆ కంప్యూటర్ పిల్లోడికే పోయింది. అక్క పొడుగు లెన్సు ఆదిమూలం అన్నకు తిరిగిచ్చేసి, మళ్ళీ పాస్‌పోర్టు ఫోటోలకు కూర్చునింది.

మొన్న తిరుత్తణి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆటో నిండా ఆవడి నుంచి కొండకు వచ్చిన కొత్తవాళ్ళు. వెనక సీటులో అక్క. ఆ బోర్డు రాగానే నేను మొదలుపెట్టినా. కొండను ఆమె ఎట్లా ఎత్తింది, ఎట్లా దించింది, అంతా చెప్పినా. ఒకాయన నోరు తెరుచుకొని వెనక్కి తిరిగి, "నిజమామ్మా?" అని అడిగినాడు.

"కొండ జరగలేదయ్యా. ముందు చెరుకు తోట కాడికి పోయి తీసినా, అది తప్పు. తర్వాత ఆర్చి కాడ నిలబడి తీసినా. రేయ్, సత్రం వచ్చింది, ఆపు."