బండి కదలాలి, సరుకు కదలకూడదు

తాళ్ళబావకు ఉన్నది ఒకటే జబ్బు: తన పికప్ బండిలో ఏది ఎక్కినా సరే, కట్టేయాలి. ఇనుప బీరువాకు ఎన్ని తాళ్ళో, దూది దిండుకూ అన్నే తాళ్ళు. వీధి మొత్తానికీ ఆయన తాళ్ళబావే గానీ, నిజంగా బావ అయ్యేది మాత్రం సొట్టలు తీసే మేస్త్రీకి ఒక్కడికే. అక్క మొగుడు. కాబట్టి ఆ జబ్బు వల్ల కలిగే కష్టాలన్నీ ముందు మేస్త్రీకే కలిగేవి.

మేస్త్రీ ఇల్లు మారినప్పుడు పరుపు ఎక్కించాడు.

"బావా, అది దూది. కింద పడ్డా పగలదు."

"పగలదు సరే. జరిగితే?"

"జరిగితే ఏమవుతుంది?"

వినరాని మాట విన్నట్టు బావ చెవులు మూసుకున్నాడు. అడ్డంగా, నిలువుగా, మూలమూలకూ తాడు లాగి, రేకుకు రాసుకోకుండా మధ్యలో పాత ట్యూబు ముక్కలు దూర్చి, చివరికి భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. బండి ఊగింది. పరుపు ఊగలేదు.

"అదీ! బండి కదలాలి, సరుకు కదలకూడదు" అన్నాడు తృప్తిగా.

కొత్త ఇల్లు రెండు వీధుల అవతలే. ముడులు విప్పేసరికి ఇంటిల్లిపాదీ నేలమీదే ఓ కునుకు తీసి లేచారు.

"పరుపు సంగతి వదిలెయ్ తమ్ముడూ. మీ బావ అన్నం క్యారేజీని కూడా సీటుకి కట్టేస్తారు. ఆకలేసినప్పుడు విప్పడం మొదలుపెడితే, ఇంటికొచ్చాక తింటారు" అని వాపోయేది అక్క.

ఇంత చేసినందుకు ఆయన బండి రేకు మీద ఒక్క సొట్ట ఉండేది కాదు. మేస్త్రీకి అదే కడుపుమంట. "అందరి బళ్ళూ నా షెడ్డుకొస్తాయి. సొంత బావ బండి రాదు!"

"నేను బతికుండగా రాదురా బామ్మర్దీ!" అని బావ మీసం మెలేసేవాడు.

అలాంటి రోజుల్లో మేస్త్రీ నిచ్చెన మీంచి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పారు, ఎముక అతికిందన్నారు. కానీ పనిలోకి దిగిన మొదటిరోజే సుత్తి జారి, ఒకాయన కారు తలుపు మీది చిన్న సొట్ట పెద్ద సొట్టయింది. కారాయన చూసిన చూపుకే మేస్త్రీ చచ్చిపోయాడు. సుత్తిని మేకుకు తగిలించి, వచ్చినవాళ్ళనల్లా పక్క వీధి షెడ్డుకు పంపడం మొదలుపెట్టాడు. ఇక తన చెయ్యి పనికిరాదేమోనని భయం. ఆ భయం అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అక్కకు చెబితే బావకు చెప్పినట్టే.

వారం తిరక్కుండా తాళ్ళబావ బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. పక్క రేకుకు ఇంత సొట్ట!

"ఏమైంది బావా?"

"బీరువా జరిగింది" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

ఎదురుగా ఉన్న టీకొట్టు ఒక్క క్షణం నోరెళ్ళబెట్టి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. "తాళ్ళబావ ముడి ఊడిందట! ఇక గోడలు కూడా జరుగుతాయి, చూసుకుని ఆనుకోండర్రా!" అని కేకేశాడు టీకొట్టాయన.

"పక్క వీధికి తీసుకెళ్ళు బావా. నా చెయ్యి..."

"ఈ వీధిలో పరువు పోయింది చాలదా? పక్క వీధిలో కూడా పోగొట్టుకోమంటావా? నువ్వు తీస్తే తియ్యి, లేకపోతే ఈ సొట్టతోనే తిరుగుతా."

అక్క మొగుణ్ణి సొట్టబండిలో తిప్పితే అక్క బతకనిస్తుందా? మేస్త్రీ సుత్తి దించి బండిలోకి ఎక్కాడు. బావ బయటి నుంచి రేకుకు ఇనుప దిమ్మ అదిమిపట్టాడు. మేస్త్రీ కళ్ళూ మనసూ విరిగి అతికిన మణికట్టు మీదే పెట్టి కొట్టాడు. సాయంత్రానికి రేకు ఓ మాదిరిగా చదునైంది.

మరో వారం ఫ్రిజ్ జరిగింది. ఆపై వారం కుట్టుమిషను జరిగింది. టీకొట్టు నవ్వీ నవ్వీ అలసిపోయింది. మేస్త్రీ చెయ్యి మాత్రం దెబ్బదెబ్బకూ దారిలో పడింది. పక్క వీధికి పోయిన బళ్ళు ఒక్కటొక్కటే తిరిగొచ్చాయి.

ఈసారి నీళ్ళ డ్రమ్ము జరిగిందట. డ్రమ్ము ఇంకా బండిలోనే ఉంది. మేస్త్రీ సుత్తి పట్టుకుని ఎక్కబోతే కాలు పెట్టే చోటు లేదు. ఎక్కినవాడు ఎక్కినట్టే ఆగిపోయాడు. తను లోపలికెందుకు ఎక్కుతున్నట్టు? లోపలి సరుకు గుద్దితే రేకు బయటికి ఉబ్బాలి. ఇదేమో లోపలికి నొక్కుకుపోయింది!

డ్రమ్ముకు భుజం ఆనించి తోశాడు. బండి కదిలింది, డ్రమ్ము కదల్లేదు.

"బావా, ఈ డ్రమ్ము బయటికి దూకి, బండిని గుద్ది, మళ్ళీ ఎక్కి తాళ్ళు కట్టించుకుందా?"

బావ ఆకాశం చూశాడు. మేస్త్రీ వెళ్ళి సీటు కింద వెతికాడు. పెద్ద సుత్తి దొరికింది. పైకి లాగితే రాలేదు. దాన్ని కూడా కట్టేసి ఉంచాడు మహానుభావుడు.

"వీధంతా నిన్ను చూసి నవ్వుతోంది కదా బావా! ఇప్పుడే వెళ్ళి చెబుతా, నీ ముడి ఒక్కటీ ఊడలేదని."

"ఆగరా. అది చెబితే నీ చేతి భయం సంగతి కూడా చెప్పాలి. ముడిదేముంది, ఊడిందనుకోనీ."

మేస్త్రీకి బావ మీద ప్రేమ పొంగుకొచ్చింది. అలాంటప్పుడు బామ్మర్ది అన్నవాడు చేయగలిగింది బావను తిట్టడమొక్కటే.

"ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నావు, సొట్ట ఎటు పడుతుందో కూడా తెలీదా? బుద్ధున్నవాడైతే లోపలి నుంచి కొడతాడు!"

"లోపల సరుకంతా కట్టేసి ఉంటుంది కదరా" అన్నాడు బావ నొచ్చుకుంటూ. "సుత్తి ఎత్తడానికి చోటేదీ?"