ఇస్త్రీ చేసిన బట్టలు

పామర్రు నుంచి బెజవాడ వచ్చే బస్సులో ముగ్గురు కూర్చునే సీటుని ఏ ముగ్గుర్ని చూసి కొలిచారో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు మూడో మనిషిని నేను. నాలో సగం సీటు మీద, మిగతా సగం నడిచే దారిలో ప్రయాణించాం.

కిటికీ పక్కన ఇరవై దాటిన అమ్మాయి, తలైనా దువ్వుకోలేదు. మధ్యలో వాళ్లమ్మ, ఒళ్లో బట్టల కొట్టు కవరు.

"పెద్దాసుపత్రికి ఎక్కడ దిగాలండీ?" అని ఆవిడ అడిగింది. చెప్పాను. ఎవరికి బాగాలేదని అడగడం మర్యాద కాబట్టి, అదీ అడిగాను.

ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న పని నుంచి వస్తుంటే మా అమ్మాయిని ఒకడు పాడు చేశాడండి. పోలీసులకి చెప్పాం. డాక్టరుగారు పరీక్ష చేసి, అప్పుడు వేసుకున్న బట్టలు కూడా తీసుకుంటారట."

కవరు తెరిచి చూపించింది. లోపల చుడీదార్, మడత నలగకుండా ఉంది.

"మాసిన బట్టలు పెద్దవాళ్ల చేతికెలా ఇస్తామండి? పిల్ల పడుకున్నప్పుడు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చా."

"ఉతక్కుండా ఉండాల్సిందండి, ఆధారాలు పోతాయి" అన్నాను, వీలైనంత మెల్లగా. "అయినా తప్పకుండా వెళ్లండి. వైద్యం ముఖ్యం."

ఆవిడ ఆ చుడీదార్‌ని అరచేత్తో నిమురుతూ ఉండిపోయింది, ఇంకా ముడతలేవో మిగిలినట్టు.

అమ్మాయి కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"నువ్వు ఉతికింది బట్టలేగా. స్నానం చెయ్యమని పొద్దున్నుంచీ తిట్టావు. ఆధారాలు పోతాయనే చెయ్యలేదమ్మా."