ఈశాన్యపు గది

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనికి మళ్లీ రమ్మని ఫోను వచ్చినప్పుడు వినోద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆ పని మానేసి పద్నాలుగేళ్లయింది. ఫోను చేసింది సుధాకర్. బేగంపేట ఆఫీసులో ఆరేళ్లు ఆమెకు టీమ్ లీడరు. అమెరికా డాక్టర్లు రోగులను చూశాక రికార్డు చేసి పంపే మాటలను హెడ్‌ఫోన్లలో విని, తప్పుల్లేని రిపోర్టులుగా టైపు చేయడం అప్పటి పని. కూతురు అశ్రిత కడుపులో ఉండగా వినోద అది వదిలేసింది. అశ్రిత ఇప్పుడు తొమ్మిదో తరగతి.

"ఇప్పుడు అంత టైపు కొట్టే పన్లేదు మేడమ్," అన్నాడు సుధాకర్. "మిషనే విని రాసి పెడ్తది. మనం దాని తప్పులు దిద్దుడే. ఇంట్ల కూసొని చెయ్యొచ్చు."

"తప్పులు చెయ్యని మిషన్ వస్తే?"

"అప్పటిదాకా మనకు పనుంటది."

ముప్పై రోజులు ట్రయల్. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా. ఒక్క రోజు కూడా మానకూడదు. దిద్దిన ప్రతి రిపోర్టుకూ మార్కులు పడతాయి, గడువు దాటితే సున్నా. రోజు సగటు తొంభై ఎనిమిదికి తగ్గకూడదు. రెండుసార్లు తగ్గితే లాగిన్ దానంతట అదే మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు. ఇంకొక షరతు, పని చేసే గదికి తలుపు ఉండాలి. రోగుల సంగతులు బయటి చెవిన పడకూడదు.

వినోదకు ఈ పని ఎందుకో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. లాల్‌గడి మలక్‌పేట్ ఊరి చివర, ఒకప్పుడు వాళ్లు మొక్కజొన్న వేసిన చేన్లోనే ఇప్పుడు వాళ్ల ఇల్లుంది. మిగిలిన చేను ప్లాట్లయింది. ఇంటాయన రాఘవేందర్ వాటినీ, చుట్టుపక్కల వాళ్లవీ అమ్మిపెడుతుంటాడు. తిండికీ బట్టకూ లోటు లేదు. పక్కవాళ్లందరికంటే తాను బాగా చేసిన పని జీవితంలో అదొక్కటేనని వినోదకు తెలుసు. కాని అది బయటికి చెప్పుకునే కారణం కాదు. "ఊకె కూసునుడెందుకని," అని చెప్పింది.

రాఘవేందర్ అడ్డు చెప్పలేదు. రెండు రోజుల్లో లేఅవుటు మొత్తానికి చెప్పాడు కూడా.

"మా ఆమె అమెరికా డాక్టర్ల తప్పులు దిద్దుతది."

"డాక్టర్లయి గాదు, మిషన్‌వి," అంది వినోద.

"ఏదైతేంది. ఆల్లు తప్పు జేస్తనే గదా మిషన్ తప్పు జేసేది."

చిక్కు గది దగ్గర వచ్చింది. ఇంటికి గదులు తక్కువేం లేవు. హాలు రాఘవేందర్ ఆఫీసు. పొద్దున ఆరున్నర నుంచి కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ, ఎటూ తేలక చాయ్ తాగి పోయేవాళ్లూ వస్తుంటారు. ఒక పడకగదిలో అత్త సాలమ్మ టీవీ. ఇంకొకటి అశ్రితది, దానికి తలుపు సరిగ్గా పడదు. పెద్ద పడకగది కిటికీ పక్కనే కొత్త ఇల్లు లేస్తోంది. బండలు కోసే మిషన్ పొద్దున్నే మొదలవుతుంది. ఇక మిగిలింది పూజగది. వాస్తు చూసినాయన ఈశాన్యం బరువు లేకుండా విశాలంగా ఉండాలన్నాడని రాఘవేందర్ దాన్ని ఒక చిన్న పడకగదంత కట్టించాడు. మందపాటి గోడలు, టేకు తలుపు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ గట్టిగా పిలవని గది అదొక్కటే.

సాలమ్మ ఒప్పుకుంది గాని ఊరికే ఒప్పుకోలేదు.

"తానం జేసినంకనే పోవాలె. లోపట చాయ్ గీయ్ తాగద్దు. దేవుని దిక్కు ఈపు వెట్టి కూసోవద్దు."

"సరే అత్తమ్మా."

"గీ కుర్చీ తోలుదా?"

"రెగ్జిన్."

"అదేందో. గుడ్డ ఎయ్యి."

అన్నీ కుదిరాక పెడల్ బయటపడింది. మాటలను ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలితో నొక్కేది. చేతులు కీబోర్డు మీద ఉంటాయి కనుక ఈ పనిలో కాలు కూడా పని చేస్తుంది.

"దేవుని ముంగట కాలుతోని తొక్కుడేందే?" అంది సాలమ్మ.

వినోద పెడల్‌ను అలమరలో పెట్టేసి, ఆ పని కూడా వేళ్లకే అప్పగించింది. మొదటి వారం కొంచెం వెనకబడింది. తరువాత వేళ్లు నేర్చుకున్నాయి.

పని సగానికి తగ్గినట్టు కనిపించింది గాని కష్టం తగ్గలేదు. మిషన్ తప్పు చేసేటప్పుడు తడబడదు. చక్కని వాక్యంలో, అందమైన అక్షరాల్లో తప్పు రాస్తుంది. పదకొండో రోజున ఒక డాక్టరు, "కాళ్ల పరీక్ష మామూలే, నేను ఎప్పుడూ వాడే పేరా వేయండి," అని ముగించాడు. మిషన్ వినయంగా ఆ పేరా తెచ్చి పెట్టింది. రెండు పాదాల్లోనూ నాడి బాగా అందుతోందని అందులో ఉంది. ఆ రోగికి కుడికాలు మోకాలి కింద తీసేసి నాలుగేళ్లయిందని రిపోర్టు మొదట్లోనే ఉంది. వినోద ఆ పేరాను మార్చలేదు. డాక్టరు చెప్పనిది రాయకూడదన్నది ఈ పనిలో పాత నియమం. పక్కన గుర్తు పెట్టి, ఏ పాదమని అడుగుతూ డాక్టరుకే తిప్పి పంపింది.

ఆ సాయంత్రం సుధాకర్ ఫోను చేశాడు. "ఇట్లనే జెయ్యండి మేడమ్. మీ బ్యాచ్‌ల ఐదుగురు చేరిన్రు. ఇద్దరే మిగిలిన్రు."

పదిహేడో రోజు పొద్దున ఆమెకు నెలసరి వచ్చింది.

మూడు నెలలుగా రాలేదు. ఇక ఆగిపోయినట్టేనని వినోద అనుకుంది. నలభై దాటిన ఆడవాళ్లకు ఇట్లా ఆగి ఆగి వస్తుందని ఆమె ఆ రెండు వారాల్లోనే పది రిపోర్టుల్లో దిద్ది ఉంటుంది. ఆ ఇంటి ఆచారం ప్రకారం ఆ నాలుగు రోజులూ ఆడవాళ్లు పూజగదిలో అడుగు పెట్టరు. ఒకప్పుడు వంటింట్లోకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. సాలమ్మ మోకాళ్లు అరిగిన ఏడాది ఆ నిషేధం ఎవరూ ప్రకటించకుండానే రద్దయింది. పూజగదిది మాత్రం మిగిలింది. మెట్లు ఎటు తిరగాలో, గేటుకు ఎన్ని కమ్ములుండాలో అడిగి తెలుసుకున్న రాఘవేందర్‌కు గాని, షరతులన్నీ గుర్తు పెట్టుకున్న సాలమ్మకు గాని, చివరికి వినోదకు గాని నెలకు నాలుగు రోజుల ఈ సంగతి తట్టలేదు.

వినోద ఎప్పటిలాగే సాలమ్మకు చెప్పేసింది. గడప ఇవతల నిలబడి రాఘవేందర్‌తో లాప్‌టాప్ బయటికి తెప్పించింది.

"ఏ వైరు పీకాలె?"

"నల్లది."

"అన్నీ నల్లగనే ఉన్నయి."

"లావుది. అది గాదు, దీపం పక్కది."

పడకగదిలో మంచం పక్కన స్టూలు మీద ఆ రోజు పని జరిగింది. పక్కన బండలు కోస్తూనే ఉన్నారు. కోత ఆగినప్పుడు విని, మొదలైనప్పుడు రాసి, ఒంటిగంటకు లేచింది. సగటు తొంభై ఆరు.

"ఏమైంది మేడమ్?" అన్నాడు సుధాకర్.

"పక్కింట్ల బండలు కోస్తున్నరు."

"నిన్నటిదాకా కొయ్యలేదా?"

గర్భాశయం గురించీ దాని గోడల గురించీ రోజుకు నాలుగైదు పేజీలు తప్పుల్లేకుండా దిద్దే వినోద, "తలనొప్పి గూడ ఉండె," అంది.

"ఇంకొకసారి తగ్గితే మూసుకపోతది మేడమ్. నా చేతుల ఏం లేదు."

మరునాడు వినోద తలస్నానం చేసి, లాప్‌టాప్ పట్టుకుని పూజగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. మొదటి ఫైలు తెరిచి, ఒకే వాక్యాన్ని మూడుసార్లు వింది. దేవుడికి కోపం వస్తుందని కాదు. గడప దాటిన ఆ ఒక్క అడుగు గురించి ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఆలోచించాల్సి రాలేదు, అంతే. రెండో ఫైలు దగ్గర ఒక్కసారి వింటే సరిపోయింది.

తొమ్మిదిన్నరకు సాలమ్మ పూల గిన్నెతో తలుపు తీసింది. వినోద హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చింది.

"ఇయ్యాల రెండో దినం గదా," అంది సాలమ్మ.

"ఔ అత్తమ్మా."

"తానం జేసినవా?"

"జేసిన."

"జేస్తే మాత్రం?"

వినోద చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. తెర మీద ఎవరో డెబ్బై ఏళ్లాయన గుండె రిపోర్టు సగంలో ఉంది.

"ఎన్నింటికి పోవాలె అది?" అంది సాలమ్మ.

"పదింటికి."

"పోకుంటె?"

"ఇగ నన్ను రానియ్యరు."

"ఎవలు? సుధాకరా?"

"ఆయన గాదు. లెక్కంత మిషన్‌దే."

"గా మిషన్‌కు చెప్పరాదు, నాలుగు దినాలు ఆగుమని."

"దానికి ముట్టంటె తెల్వదు అత్తమ్మా."

"దాని బతుకే మంచిగున్నది," అంది సాలమ్మ.

అక్కడే నిలబడి కొంచెంసేపు పటాల వైపు చూసింది. తరువాత పూల గిన్నె గడప బయట పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుంది.

"నువ్వు లేవకు. లేస్తె తగుల్తవ్. ఆల్లనే నేను తీస్కపోత."

దేవుడున్న చోట కోడలు ఉండకూడదన్నదే ఆచారం. దేవుడు ఎక్కడ ఉండాలో అందులో లేదు. ముందు ఎల్లమ్మను, తరువాత యాదగిరి నరసింహస్వామిని, లక్ష్మినీ, కుందులనూ, గంటనూ సాలమ్మ ఒక్కొక్కటిగా మోసుకెళ్లింది. వినోద సాయం చేయడానికి వీల్లేదు, ముట్టుకోకూడదు. అందుకని ఆమె గుండె రిపోర్టు దిద్దుతూ కూర్చుంది. వెండి ఫ్రేములోని వెంకటేశ్వరస్వామి చివరికి మిగిలాడు. ఆయన్ను ఎత్తి రెండడుగులు వేసి, సాలమ్మ గడప మీద కూలబడి మోకాలు పట్టుకుంది.

"ఈయనె బరువున్నడు," అంది.

"జర కూసోని పోండి అత్తమ్మా."

"నువ్వు రాస్కో. పది గొడ్తది."

ఫైలు పదికి నాలుగు నిమిషాల ముందు వెళ్లింది. ఆ రోజు సగటు తొంభై ఎనిమిదిన్నర.

హాలులో జరిగింది సాలమ్మే తరువాత చెప్పింది. అందులో ఆమెకేమీ నవ్వులాట కనిపించినట్టు లేదు. దేవుళ్లను పెట్టడానికి హాలులో తూర్పు గోడకు ఉన్నది రాఘవేందర్ టేబులు ఒక్కటే. వెంచరు మ్యాపులు చుట్టి కింద పెట్టి, ఆమె వాళ్లను అక్కడ కొలువు తీర్చింది. పదిన్నరకు రాఘవేందర్ సూరారం నుంచి వచ్చిన గౌరయ్య అనే ఆయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో చేసి రిటైరై, ప్లాటు చూసుకుంటున్న మనిషి.

"అమ్మా, గిదేంది?" అన్నాడు రాఘవేందర్.

"లోపట గాలాడ్తలేదు ఆల్లకు."

గౌరయ్య చెప్పులు బయటికి విడిచి వచ్చి దండం పెట్టుకున్నాడు. రాఘవేందర్ కూడా బూట్లు విప్పక తప్పలేదు. కూర్చున్నాక గౌరయ్య నిదానంగా అన్నాడు.

"మంచిగనే అయింది సాబ్. గీ సామి పటం మీద చెయ్యి వెట్టి ఒక్క మాట చెప్పు. ప్లాటు ముంగట ముప్పై ఫీట్ల రోడ్డు పక్కా వస్తదా?"

"ప్లాన్ల ఉన్నది గదనే."

"ప్లాను నేను జూసిన. నువ్వు చెయ్యి వెట్టు."

రాఘవేందర్ పటం వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. "తానం జెయ్యలే ఇంక," అన్నాడు.

గౌరయ్య చాయ్ తాగి, స్నానమయ్యాక ఫోను చేయమని చెప్పి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి రాఘవేందర్ కుర్చీలు కారు షెడ్డులోకి మారాయి.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు వినోద తలంటుకుని, దేవుళ్లను లోపల తనే సర్దుతానంది. "నీ పరీచ్చ అయిపోనీ," అంది సాలమ్మ. రాఘవేందర్ వాస్తు చూసినాయనకు ఫోను చేశాడు. ఈశాన్యం అట్లా ఉంచకూడదని ఆయన గట్టిగానే చెప్పాడట.

"ఖాళీగుంటె నష్టమంట అమ్మా."

"ఖాళీగ యాడున్నది? ఆమె ఉన్నది గద."

"ఆమె దేవుడా?"

"నేనట్లన్ననా? ఈశాన్యంల బరువుండొద్దంటివి గద, ఆమె బరువు లేదంటున్న."

మిగిలిన రోజుల్లో సగటు మళ్లీ తగ్గలేదు. ముప్పై రోజులు పూర్తయిన మరునాడు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెను తీసుకున్నారు. చేరే ముందు పని చేసే గది ఫొటో ఒకటి పంపాలి. అందులో మనుషులెవరూ ఉండకూడదు. సాలమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"నేను పడ్తున్ననా?"

"పడొద్దు అత్తమ్మా. ఎవ్వలు పడొద్దు."

సాలమ్మ పక్కకు జరిగింది. ఫొటోలో టేబులు, గుడ్డ పరిచిన కుర్చీ, దాని ఎదుటి గోడ వచ్చాయి. పటాలున్న చోట తెల్లటి చతురస్రాలు, వాటి కింద దీపపు మసి, పసుపు. పది నిమిషాల్లో సుధాకర్ అడిగాడు. "గోడకు ఆ మరకలేంది మేడమ్? చెమ్మనా? కంప్యూటర్‌కు మంచిది గాదు."

"చెమ్మ గాదు. సున్నం ఏపిస్త," అంది వినోద.

సున్నం వేయించడానికి సాలమ్మ ఒప్పుకోలేదు. కంపెనీ మళ్లీ అడగలేదు. దేవుళ్లు హాలులోనే ఉండిపోయారు.

తరువాతి నెల ఆ రోజులు వచ్చాయో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. వినోద చెప్పలేదు. ఒక రోజు పొద్దున మాత్రం, తలుపు వేసుకునే ముందు హాలు దాటి పోవాలి కనుక, దేవుళ్లున్న టేబులుకు కొంచెం దూరంగా, గోడ పక్క నుంచి నడిచి వెళ్లింది. పూలు సర్దుతున్న సాలమ్మ తల తిప్పి చూసి, ఏమీ అడగకుండా ఒత్తి వెలిగించింది.