నాకు తెలుసు అన్న అమ్మాయి

పొద్దున్న ఆరున్నరకు లేచి, మంచం పక్కన మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, లేఖనాలు చదువుకుని, పది కొట్టేసరికి ఇద్దరు సిస్టర్లూ మెట్లు దిగేవారు. గేటు దగ్గర ఎడమకు తిరిగేవారు. అటు మూడో సందులో బస్సు డ్రైవరు ఇల్లు. ఇప్పుడు పన్నెండు రోజులుగా కుడికి తిరుగుతున్నారు. ఆ దారిన పోతే పార్కు చుట్టూ తిరిగి వెళ్ళాలి, చెప్పులు అరుగుతాయి. అయినా చిన్న సిస్టర్ గేటు దాటగానే కుడికే నడిచేది. పెద్ద సిస్టర్ ఏమీ అనకుండా వెంట నడిచేది. మోర్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున సువార్త చెప్పడానికి వచ్చినవాళ్ళు ఎప్పుడూ జంటగానే ఉండాలి. ఒకరి కంటికి, చెవికి అందనంత దూరం ఇంకొకరు పోకూడదు. కాబట్టి ఒకరు ముఖం చాటేస్తే ఇద్దరూ చాటేసినట్టే.

చిన్న సిస్టర్‌కి ఇరవై రెండేళ్ళు. ఇంటి దగ్గర కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడిచి పెట్టెల్లో సర్దే పని చేసేది. ఏడాదిన్నర సేవకని బట్టలు సర్దుకుని వచ్చి పది నెలలయింది. నోరుగల పిల్ల. శిక్షణలో పాఠాలు నేర్పినావిడ ఒక మాట చెప్పింది. "‘అనుకుంటున్నాను’ అంటే వినేవాళ్ళు సగం చెవే ఇస్తారు. ‘నాకు తెలుసు’ అనండి." తోటివాళ్ళు ఆ మాట అనడానికి తడబడేవారు. ఈ పిల్లకి మాత్రం మంచినీళ్ళ ప్రాయం. దేవుడున్నాడని నాకు తెలుసు. ఆయన వింటాడని నాకు తెలుసు. రానురాను వాన ఆగిపోతుందని కూడా నాకు తెలుసు అనేది. పెద్ద సిస్టర్ నవ్వి ఊరుకునేది.

డ్రైవరు ఇంట్లో వీళ్ళని బిళ్ళ పిల్లలు అనేవారు. జాకెట్టుకి పెట్టుకునే నల్లటి పేరు బిళ్ళ వల్ల వచ్చిన పేరది. డ్రైవరుకి ఊపిరితిత్తుల జబ్బు. ముందుగదిలోనే మంచం వేశారు. ఊపిరి అందకపోయినా వేళాకోళం మానేవాడు కాదు.

"టీ తాగరు, కాఫీ తాగరు. మరేం పోసుకుని తిరుగుతారే ఇంత ఎండలో? నా బస్సుకైనా ఏదో ఒకటి పోస్తేగానీ కదిలేది కాదు."

"మీ బస్సులాగా మేం పొగ వదలం కదా బాబాయ్," అనేది చిన్న సిస్టర్.

వారానికి మూడుసార్లు వెళ్ళి, ఓ పాఠం చెప్పి, ఓ పాట పాడి, ఆయన భార్యకి చేతనైన పని చేసి పెట్టి వచ్చేవారు. ఓ రోజు ఆమె వంటింటి గుమ్మంలో కాచుకుని చిన్న సిస్టర్ చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పవే. మీ బాబాయి లేస్తాడా?"

ఆ రోజు ఇద్దరూ ఆయన కోసమే ఉపవాసం ఉన్నారు. కడుపు ఖాళీగా, మనసు నిండుగా ఉంది.

"లేస్తారు పిన్నీ. నాకు తెలుసు."

పక్కనున్న పెద్ద సిస్టర్ చటుక్కున తలెత్తి చూసింది. అప్పటికే మాట గుమ్మం దాటిపోయింది.

ఆ మాటన్న తొమ్మిదో రోజున డ్రైవరు పోయాడు. చిన్న సిస్టర్ పెద్ద సిస్టర్‌తో వెళ్ళి జనం వెనకాల నిలబడింది. డ్రైవరు భార్య కంట పడకముందే ఆమెనీ లాక్కుని చల్లగా జారుకుంది. అప్పట్నుంచీ కుడి దారే.

ఆరు వారాలకోసారి ఎవరెవరు ఏ ఊరు మారాలో పైనుంచి ఫోన్ వస్తుంది. ఆ సోమవారం వచ్చింది. చిన్న సిస్టర్‌ని వేరే ఊరు వేశారు, బుధవారం ప్రయాణం. ఫోన్ పెట్టేయగానే ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇంక ఆ ఇంటి గుమ్మం ఎక్కక్కర్లేదు. మరుక్షణమే, చచ్చిన మనిషి ఇంటి నుంచి తప్పించుకున్నందుకు సంతోషపడుతున్నానే అని తన మీద తనకే రోత పుట్టింది.

జంటలో ఇద్దరూ వారానికోసారి ఎదురెదురుగా కూర్చుని, ఒకరిలో ఒకరికి నచ్చిందీ నచ్చనిదీ చెప్పుకోవాలని నియమం. మంగళవారం పొద్దున్న కూర్చున్నారు. పెద్ద సిస్టర్ మాటల్లో పొదుపరి.

"గిన్నెలు బాగా తోముతావు," అంది ముందు. తర్వాత, "కుడికి నడిచి నడిచి నా మడమలు కాయలు కాశాయి," అంది.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న ముఖమే. ఇంకోటి ఎక్కడ తెస్తావు?"

"నువ్వూ విన్నావుగా. ఆ రోజే ఆపాల్సింది."

"అవును. అది నా తప్పు, అదీ చెప్పుకోవాలి. ఎలాగూ నిన్నొక్కదాన్నీ పంపకూడదు. లే."

ఎడమకు తిరిగారు. డ్రైవరు భార్య తలుపు తీసింది. రమ్మనలేదు, వద్దనలేదు. తలుపు వదిలేసి లోపలికి నడిచింది. ముందుగదిలో మంచం తీసేశారు. గోడవార మందుల బల్ల మాత్రం అలాగే ఉంది. సగం వాడిన మాత్రల అట్టలు, సీసాలు, తీపి మందు అంటుకుని ఎండిన చెంచా.

చిన్న సిస్టర్ నేల చూపులు చూస్తూ చెప్పింది. "పిన్నీ, ఆ రోజు లేస్తారని చెప్పాను. నాకు తెలియదు. లేస్తే బాగుండునని నా ఆశ. ఆశనే తెలుసని చెప్పేశాను."

"నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను," అంది పెద్ద సిస్టర్.

డ్రైవరు భార్య మందుల బల్లకేసి చూసింది. తర్వాత అంది. "మీ బాబాయికో తమ్ముడున్నాడు. గోడ దగ్గర తగాదా వచ్చి పదేళ్ళుగా మాటల్లేవు. నువ్వా మాట చెప్పిన మర్నాడు, వాణ్ణి పిలువే అన్నాడు. నేనేమన్నానో తెలుసా? లేస్తావటగా, లేచాక మనమే పోదాం, మంచంలో పడుండి వాడి ముందు తగ్గడమేంటి అన్నాను. ఆయన ఊఁ అని అటు తిరిగి పడుకున్నాడు. వాడొచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పేశాం."

చిన్న సిస్టర్ తను అన్న మాట ఉత్తి తప్పు మాటే అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఈ ఇంట్లో ఇంత పని చేసిందని తెలియదు. కుటుంబాలు చావుతో విడిపోవు, పైన మళ్ళీ కలుస్తాయి అన్న పాఠం నోటిదాకా వచ్చింది. పది నెలల్లో ఎన్ని ఇళ్ళల్లో చెప్పిందో లెక్కలేదు. ఇక్కడ దాన్ని మింగేసింది.

"నా వల్లే పిన్నీ," అంది.

"నీ ఒక్కదాని వల్లే అయితే నాకు సుఖంగానే ఉండేది. ఆ మాట ఎవరు చెప్తారా అని గుమ్మంలో కాచుకుని మరీ అడిగింది నేనే."

తనకి రేపు వేరే ఊరు పడిందని చెప్పింది చిన్న సిస్టర్. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు. లేచి మందుల బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఇవన్నీ తీసేసి తుడిచి పెట్టనా?"

"ముట్టుకోకు."

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తుడిచేసి పోతే నీకు తేలికవుతుంది. నాకెందుకవుతుంది? అది నా పని. నాకు తీయబుద్ధయిన రోజు తీస్తాను. కూర్చోవే."

చిన్న సిస్టర్ వెనక్కి వచ్చి పెద్ద సిస్టర్ పక్కన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. బల్ల మీద చీమలు బారు కట్టి చెంచా దాకా వస్తున్నాయి, పోతున్నాయి. ముగ్గురూ వాటినే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ లేవలేదు.